అట్ట మీద బావి



పుస్తకం అట్ట గురించి రేడియోలో మాట్లాడమంటే మొదట నవ్వొచ్చింది. కళ్లతో చూడాల్సినదాన్ని చెవికి అప్పజెప్పడం ఏమిటి? విస్తట్లో ఏమేం వడ్డించారో ఫోనులో చెప్పి, కడుపు నింపుకోమన్నట్టుంటుంది కదా. తర్వాత ఆలోచిస్తే ఇదే సుఖమనిపించింది. నా పుస్తకం అట్ట మీకిప్పుడు కనబడదు. కాబట్టి బాగుందనీ, బాగాలేదనీ వెంటనే తేల్చెయ్యలేరు. అది అలా ఎందుకొచ్చిందో నేను నింపాదిగా చెప్పుకోవచ్చు.

నేను కనిగిరి వైపు పల్లెల్లో ముప్పయ్యేళ్లకు పైగా సాంఘికశాస్త్రం చెప్పిన బడిపంతుల్ని. రిటైరయ్యాక ఒక పుస్తకం రాశాను. పేరు ‘మంచినీళ్ల దారి’. కథ కాదు, నవల కాదు. మా వైపు జనం తాగే నీళ్ల కోసం ఎంత దూరం నడిచారు, ఏ బావికి ఎవరు పోవచ్చు, ఎవరు పోకూడదు, బోరింగులు వచ్చాక ఏమైంది, ఇదీ సంగతి. మా ప్రాంతంలో ఊరికి రెండు రకాల బావులు ఉండేవి. ఉప్పు బావి, మంచినీళ్ల బావి. స్నానానికీ, అంట్లకూ ఉప్పు బావి. తాగడానికి, పప్పు ఉడకడానికి మంచినీళ్ల బావి. అదెక్కడో పొలాల్లో, మైలో మైలున్నరో అవతల ఉంటుంది. ఆ తర్వాత రాతిపొరల్లోకి లోతుగా బోర్లు దింపారు. ఇంటి దగ్గరే నీళ్లన్నారు. ఆ నీళ్లతో పాటు ఫ్లోరైడూ పైకొచ్చింది. ఫ్లోరైడు వల్ల ఎముకలు బిగుసుకుపోయే జబ్బును గురించి వైద్యులు మన దేశంలో మొట్టమొదట రాసింది, ఈ బోర్లకు ముందే, 1937లో. రాసింది మా ప్రాంతం గురించే. అప్పుడు ఇదంతా నెల్లూరు జిల్లా. ప్రకాశం జిల్లా ఏర్పడింది 1970లో.

ఆరేళ్లు తిరిగి రాశాను. రాయడం అయిపోయిందంటే పుస్తకం అయిపోయిందనే అనుకున్నాను. అట్ట ఏముంది, ఒక పూట పని! ఆ ఒక పూట నాలుగు నెలలు పట్టింది.

అందులో తప్పంతా నాదే. ఆరేళ్లు పోగేసింది నా బుర్ర నిండా ఉంది. అట్ట వేసే కుర్రాడు మొదటిరోజు "ఏం కావాలి మాస్టారూ" అనగానే చేంతాడంత జాబితా చదివాను. గిలక ఉండాలి. చేద ఉండాలి. బిందె ఉండాలి. ఒక పక్కన బోరింగు ఉండాలి. దూరంగా కొండ, ఎండిన చెరువు. వీలైతే జబ్బుతో కాళ్లు వంగిన మనిషి. పైన పొద్దుపొడుస్తున్న సూర్యుడు, అంటే కొంచెం ఆశగా ఉంటుందని. అతను చివరిదాకా రాసుకుని, పెన్ను కింద పెట్టి, "మాస్టారూ, మనం చేస్తున్నది అట్టా, ఫ్లెక్సీయా?" అన్నాడు.

నిజమే. మన ఊళ్లలో కూడలి దగ్గర ఫ్లెక్సీలు చూస్తుంటాం. పైన నాయకులు, మధ్యలో పుట్టినరోజు మనిషి, కింద శుభాకాంక్షలు చెప్పే ఇరవై మంది తలకాయలు. ఎవర్ని వదిలినా అలుగుతారు. నా జాబితా కూడా అంతే. ఏ అధ్యాయాన్ని వదిలినా అది అలుగుతుందని నా భయం. పుస్తకం రాసినవాడికి అందులో ఉన్నదంతా తెలుసు. అట్ట చూసేవాడికి ఏమీ తెలియదు. అట్ట ఆ తెలియనివాడి కోసం. ఈ మాట ఇప్పుడు ఇంత తేలిగ్గా చెబుతున్నాను గానీ, ఆ రోజు కుర్రాడి మీద కోపమే వచ్చింది.

ఇంటికొచ్చి మా అన్నయ్యగారి అబ్బాయికి చెప్పాను. వాడు "ఇంతేనా బాబాయ్" అని ఫోను తీసి, ఏదో ఏఐ యాప్‌లో నాలుగు మాటలు కొట్టాడు. నిమిషంలో బొమ్మ వచ్చేసింది. చూడ్డానికి కన్నులపండువగా ఉంది. పొద్దున్నే బంగారు వెలుగు, రాతిబావి, నడుమ్మీద ఇత్తడి బిందెతో ఒకావిడ. ఇంట్లో అందరూ ఆహా అన్నారు. నేనూ అన్నాను. రాత్రి పడుకునే ముందు ఇంకోసారి చూసుకుంటుంటే తాడు మీద కన్ను పడింది. తాడు గిలక మీదుగా పోవడం లేదు. గిలక పక్కనుంచి గాలిలోకి పోయి, అక్కడే మాయమైపోయింది. చేదకు కట్టిన తాడు వేరు, ఆవిడ చేతిలో ఉన్న తాడు వేరు. ఆవిడ కట్టింది పరికిణీ కాదు, చీర కాదు, రాజస్థాన్ వైపు కట్టే కుచ్చుల లంగా. మెడలో ఉన్న వెండిసొమ్ములు కనిగిరిలో నేనెన్నడూ చూసినవి కావు. నీళ్లు తోడే బావి ఎలా పనిచేస్తుందో తెలియని బొమ్మను, నీళ్ల చరిత్ర మీద వేసుకోబోయాను.

ఒక నవలకైతే ఆ బొమ్మ చెల్లుతుందేమో. నవల అట్ట మీద చందమామ కాస్త పెద్దగా ఉన్నా ఎవరూ కొలవరు. జరిగింది జరిగినట్టు రాశానని చెప్పుకునే పుస్తకానికి ఆ వెసులుబాటు లేదు. లోపల రెండొందల పేజీల్లో ఏ మాట ఎవరు చెప్పారో, ఏ కాగితంలో ఉందో రాసుకుంటూ పోయి, పై అట్ట మీదే అబద్ధమాడితే ఎలా?

ఇంకో సంగతి. బిందెతో నిలబడిన అందమైన ఆడమనిషి అంటే మన పత్రికల పాత ముఖచిత్రాలతో మనకు బాగా అలవాటైన బొమ్మ. వడ్డాది పాపయ్యగారి చేతిలో అది వేరే లోకం. ఆ లోకాన్ని నేను తక్కువ చెయ్యడం లేదు. మా బావుల దగ్గర మాత్రం బిందె నిండాలంటే ముందు గట్టెక్కనివ్వాలి. గట్టెక్కనివ్వని వాళ్లు దూరంగా కుండ పెట్టుకుని, ఎవరైనా దయతలిచి పోస్తారేమోనని గంటలకొద్దీ కూర్చునేవాళ్లు. అది ఒక అధ్యాయం మొత్తం రాశాను. దాని మీద బంగారు వెలుగు పెట్టి మూసెయ్యడానికి చెయ్యి రాలేదు.

సరే, కుర్రాడి దగ్గరికే మళ్లీ వెళ్లాను. ఈసారి అతను ఒక చమత్కారం చేసి చూపించాడు. ‘మంచినీళ్ల దారి’లో ‘మం’ పక్కన సున్న ఉంది కదా. ఆ సున్నను బావి చేశాడు. పైనుంచి చూస్తే బావి ఎలా ఉంటుంది, గుండ్రంగా, లోపల నల్లగా, అడుగున ఆకాశం ముక్క మెరుస్తూ. అలా. బొమ్మ ఇంకేమీ లేదు. తెల్ల అట్ట, నల్ల అక్షరాలు, మధ్యలో ఆ సున్న. నేను ఎగిరి గంతేశాను. రెండు రోజులు ఆ ప్రింటు జేబులో పెట్టుకుని తిరిగాను. మూడోరోజు విజయవాడ ఏలూరు రోడ్డులో తెలిసిన పుస్తకాల షాపాయనకు చూపించాను. ఆయన కళ్లజోడు సర్దుకుని, కాగితం కొంచెం దూరం పెట్టి, "మచినీళ్లా? మచినీళ్ల దారా? అచ్చుతప్పు పడింది మాస్టారూ, చూసుకోలేదా" అన్నారు.

బొమ్మ మరీ బాగుంటే అక్షరం కాకుండా పోతుంది. సున్న బావిగా మారిన క్షణమే సున్నగా ఉండటం మానేసింది. అన్నట్టు, ఈ అక్షరాల తగువు తెలుగులో మరీ ఎక్కువ. ఇంగ్లీషులో పెద్దక్షరాలంటూ వేరే ఉన్నాయి. అన్నిటినీ ఒకే ఎత్తులో నిలబెడితే ఇటుకలు పేర్చినట్టు గట్టిగా ఒక గోడ తయారవుతుంది. మనకు అది లేదు. మన అక్షరం పైకి గుడి ఎత్తుతుంది, కిందికి ఒత్తు దించుతుంది, పక్కకు కొమ్ము చాపుతుంది. పేరును రెండు వరుసలు చేస్తే పై వరుస ఒత్తూ కింది వరుస గుడీ కొట్టుకుంటాయి. నా పేరులోనే చూడండి. పైన ‘మంచినీళ్ల’. చివర ‘ళ’ కింద లావత్తు వేలాడుతోంది. కింద ‘దారి’. ‘రి’ మీద గుడి లేచింది. రెండో వరుసను కుడిపక్కకు నెట్టేసరికి ఆ లావత్తు వచ్చి సరిగ్గా ఈ గుడి నెత్తిన కూర్చుంది. దూరం నుంచి చూస్తే అదేదో కొత్త అక్షరంలా ఉంది. వరుసల మధ్య ఖాళీ పెంచితే పేరు రెండు ముక్కలై ఒకదానికొకటి సంబంధం లేనట్టు పోయింది. చివరికి ‘దారి’ని ఎడమకు, ‘మంచి’ కిందికి జరిపాం. అక్కడ కిందికి దిగే ఒత్తు లేదు. హాయిగా ఇమిడింది. ఈ జరపడానికి ఒక మధ్యాహ్నం పట్టింది.

బాపుగారి అట్టలు ఎందుకంత నిండుగా కనబడతాయో ఆ మధ్యాహ్నం నాకు కొంత అర్థమైంది. 1933లో నరసాపురంలో పుట్టిన ఆయన లెక్కలేనన్ని తెలుగు పుస్తకాలకు అట్టలు వేశారు. బొమ్మ ఒకరు వేసి, పేరు ఇంకొకరు కంప్యూటర్‌లో టైపు కొట్టి అతికించిన పని కాదది. బొమ్మా, పేరూ ఒకే చేతి గీత. ఒత్తు ఎక్కడ కిందికి జారాలో, కొమ్ము ఎంత సాగాలో అక్కడ ఉన్న ఖాళీని బట్టి ఆ చెయ్యే తేల్చుకునేది. ఆ చేతిరాతను తర్వాత కంప్యూటర్ ఫాంటు చేశారు. ఇప్పుడు పెళ్లి శుభలేఖల మీదా, టిఫిన్ సెంటర్ బోర్డుల మీదా అదే కనబడుతుంది. ఫాంటులో మాత్రం ఒక ‘ళ్ల’ ఎప్పుడూ ఒకేలా ఉంటుంది. కింద ఏముందో దానికి పట్టదు.

జనవరిలో విజయవాడ పుస్తకాల పండగకు వెళ్లినప్పుడు ఒక పిచ్చి పని చేశాను. కొనడం మానేసి, ఒక స్టాలు మూల రెండు గంటలు నిలబడి, జనం పుస్తకాలను ఎలా చూస్తారో చూశాను. నడుస్తూ చూస్తారు. ఎక్కడో కన్ను ఆగుతుంది. చెయ్యి చాస్తారు. పుస్తకం చేతిలోకి రాగానే దాదాపు అందరూ చేసే మొదటి పని తెరవడం కాదు, తిరగేసి వెనక అట్ట చూడటం. అక్కడ ధర చూస్తారు. రెండు ముక్కలు చదువుతారు. ఆ తర్వాత, నచ్చితే, మధ్యలో ఎక్కడో తెరుస్తారు. ముందుమాట ఎవరూ తెరవగా చూడలేదు. నా పుస్తకానికి ముగ్గురి చేత ముందుమాటలు రాయించుకుని ఉన్నాను. ఏం చేస్తాం.

ఒక తండ్రీ కూతురూ వచ్చారు. ఆయన ఒక పుస్తకం తీసి "ఇది నవలా?" అని అడిగాడు. ఆ పిల్ల అట్టంతా చూసి "తెలీట్లేదు నాన్నా" అంది. ఆయన పెట్టేశాడు. అది నాకు తెలిసిన మంచి పుస్తకం, ఒక ఊరి చరిత్ర. అట్ట మీద పొగమంచు, చెట్టు, వెళ్లిపోతున్న మనిషి వీపు ఉన్నాయి. అది ఏ రకం పుస్తకమో అట్ట మీద ఎక్కడా లేదు.

లండన్‌లో పెంగ్విన్ కంపెనీ 1935లో చవక పుస్తకాలు మొదలుపెట్టినప్పుడు ఈ చిక్కు తీర్చడానికి బొమ్మల జోలికే పోలేదు. రంగుతో చెప్పేశారు. నవలలకు నారింజ, నేరపరిశోధనకు ఆకుపచ్చ, జీవితచరిత్రలకు ముదురు నీలం. పైనా కిందా రంగు పట్టీ, మధ్యలో తెల్లగా ఉన్న చోట పేరు, కింద పక్షి. ఆ పక్షి బొమ్మ కోసం ఎడ్వర్డ్ యంగ్ అనే కుర్ర ఉద్యోగిని జూకు పంపితే, అక్కడ కూర్చుని పెంగ్విన్లను గీసుకొచ్చాడు. రైల్వే స్టేషన్లో నిలబడ్డవాడు పుస్తకం ముట్టుకోకుండానే ఇది ఏ జాతిదో పోల్చుకునేవాడు. మనకు అలాంటి రంగుల ఒప్పందం లేదు. నాలాంటివాడి ఒక్క పుస్తకం కోసం రాదు కూడా. అందుకని పేరు కింద చిన్న వరుస పెట్టాను: ‘కనిగిరి, పొదిలి, దర్శి తాలూకాల తాగునీటి చరిత్ర’. తాలూకాలు 1985లోనే పోయాయి, మండలాలు వచ్చాయి, అయినా ఆ మాట ఎందుకని అడిగారు కొందరు. నా పుస్తకంలోని మనుషులు ఇప్పటికీ తాలూకా అనే అంటారు. కుర్రాడేమో ‘చరిత్ర’ అంటే జనం పారిపోతారు, ‘కథ’ అని పెడదాం అన్నాడు. కథ అంటే కథల అరలో పెడతారు, అక్కడ కథల కోసం వచ్చినవాడు నన్ను తెరిచి తిట్టుకుంటాడు. చరిత్రే ఉంచాం. పారిపోయేవాళ్లు పారిపోతారు.

ఇక బొమ్మ. మధ్యలో ఒకసారి, చెప్పడానికి సిగ్గుగా ఉంది, జబ్బుతో కాళ్లు వంగిన ఒక పెద్దాయన ఫోటో పెట్టాలని గట్టిగా అనుకున్నాను. ఫోటో నేనే తీశాను. ఆయన ఇంటి అరుగు మీద కూర్చుని మాట్లాడుతుండగా, అడిగే తీశాను, లోపల వేస్తానని చెప్పి. ఫోటో చూసినవాళ్లంతా కదిలిపోయారు. ఇదే పెట్టండి, ఎవరూ దాటి పోలేరు అన్నారు. ఆయన దగ్గరికి అట్ట నమూనా పట్టుకెళ్లాను. ఆయన చాలాసేపు చూశాడు. కాదనలేదు. "లోపల ఉంటే చదివినోళ్లు చూస్తారయ్యా. పైన ఉంటే అందరూ చూస్తారు" అని మాత్రం అన్నాడు. మనవరాలికి సంబంధాలు చూస్తున్నారట. నేను ఇంకేమీ అడగలేదు. లోపలి ఫోటోలో కూడా మొహం రాకుండా కత్తిరించాను.

ఇక్కడే ఇంకో ముక్క చెప్పాలి. నెట్‌లో దొరికిన ఫోటో తీసి అట్ట మీద వేసేసుకోవడం ఇప్పుడు మామూలైంది. ఫోటో మీద హక్కు 1957 కాపీరైటు చట్టం ప్రకారం మామూలుగా తీసినవాడికే ఉంటుంది. అదేమన్నా ఊరిబావా అందరూ తోడుకోవడానికి అంటారు మావైపు. ఊరిబావి కూడా అందరిదీ కాదని నా పుస్తకమే చెబుతోంది, అది వేరే విషయం.

మనిషి ఫోటో వద్దు, మరి ఏం వెయ్యాలి? దారి సత్యజిత్ రాయ్ దగ్గర దొరికింది. ఆయన సినిమాలకు ముందు కలకత్తాలో ప్రకటనల కంపెనీలో పనిచేస్తూ, సిగ్నెట్ ప్రెస్ అనే ప్రచురణ సంస్థకు పుస్తకాల అట్టలు వేసేవారు. నెహ్రూగారి ‘డిస్కవరీ ఆఫ్ ఇండియా’ 1946లో అక్కడే అచ్చయింది, దాని అట్టా ఆయనదే. నాకు పనికొచ్చింది ఇంకొకటి. జిమ్ కార్బెట్ కుమావూ పులుల గురించి రాసిన పుస్తకానికి బెంగాలీ అనువాదం. మామూలుగా అయితే ఏం వేస్తాం? పులి కోరలు, తుపాకీ, అడవి. రాయ్ అట్టను ముందు నుంచి వెనకదాకా పులిచర్మం చేసేశారు. పసుపు మీద నల్ల చారలు, అంతే. ముందువైపు చర్మంలో గుండు దూసుకుపోయిన చిల్లు, అందులో పేరు. వెనకవైపు గుండు బయటికొచ్చిన చిల్లు, అందులో పుస్తకం గురించిన మాటలు. వెనక చిల్లు ముందుదానికంటే పెద్దది. గుండు లోపలికి పోయేటప్పుడు చిన్నగా పోతుంది, చీల్చుకుని బయటికొచ్చేటప్పుడు పెద్దగా వస్తుంది. వేటగాడికి తెలిసే విషయమది. పులి లేదు, వేటగాడూ లేడు. జరిగిన పనికి మిగిలిన గుర్తు ఒక్కటి ఉంది, అదీ సరిగ్గా ఉంది.

కుర్రాడు నాకా బొమ్మ చూపించి, "మాస్టారూ, మీ బావుల్లో గుర్తేమైనా మిగిలిందా?" అన్నాడు.

మిగిలింది. పుస్తకంలో నేనే రాసి మర్చిపోయాను. పొదిలి దారిలో ఒక పాత మంచినీళ్ల బావి ఉంది. చదరపు గట్టు, నాలుగు వైపులా నాలుగు బండలు. గిలకలు రాకముందు తాడును గట్టు అంచున ఆనించి చేదేవాళ్లు. అలా చేదీ చేదీ నారతాడు ఆ బండను కోసేసింది. కత్తికి లొంగని నల్లరాయి అది. తాడుకు లొంగింది. అంచు పొడవునా గాట్లు, పెద్ద దువ్వెన పళ్ల మధ్య సందుల్లా. కొన్నిట్లో చూపుడువేలు రెండో కణుపుదాకా దిగుతుంది. లోపల గాజులా నున్నగా ఉంటుంది, ఎండాకాలం కూడా చల్లగా తగులుతుంది.

ఫోటో తియ్యడానికి మూడుసార్లు పోయాం. మొదటిసారి మిట్టమధ్యాహ్నం. కంటికి కనబడే గాట్లు ఫోటోలో లేనే లేవు. నడినెత్తిన ఎండ ఉంటే నీడ పడదు, నీడ లేకపోతే లోతు లేదు. రెండోసారి మబ్బు. మూడోసారి చీకటితోనే బయల్దేరి, పొద్దు బారెడు కూడా ఎక్కకముందే అక్కడున్నాం. వెలుగు పక్కనుంచి, రాయిని రాసుకుంటూ వచ్చింది. ఒక్కో గాటు సగం నల్లగా, సగం తెల్లగా తేలింది. పావుగంట. ఆ తర్వాత మళ్లీ మామూలు బండ.

తీస్తుండగా కుర్రాడు ఒకటి కనిపెట్టాడు. మూడు వైపుల బండలకే గాట్లు ఉన్నాయి. పడమటి బండ నున్నగా ఉంది, ఒక్క గాటు లేదు. పడమటి వైపు ఏముందంటే, దళితవాడ. గట్టెక్కనివ్వని వాళ్లు కుండలు పెట్టుకుని ఎదురుచూసింది ఆ వైపే. ఇద్దరం ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. నాకు ఒళ్లు జలదరించింది. వెనక అట్టకు మాటలు దొరికేశాయి. బస్సులోనే రాశాను: మూడు వైపులా తాడు కోసిన గుర్తులు, నాలుగోవైపు తాడే పడని రాయి. కుర్రాడు చదివి, "ఇంక పుస్తకం చదవక్కర్లేదు మాస్టారూ" అన్నాడు. పొగిడాడో, తిట్టాడో.

అట్ట తయారైపోయింది. అచ్చుకు పంపే ముందు, పాత అలవాటు, ఒకసారి అడుగుదామని మళ్లీ ఆ ఊరు వెళ్లాను. బావికి చప్టా పోసిన తాపీమేస్త్రి బతికే ఉన్నాడు. ఆ పడమటి బండ సంగతేమిటని అడిగాను. "అదా, అది కొత్తదండీ. పాతది బండి తగిలి పగిలితే మేమే మార్చాం" అన్నాడు. పాతదేమైందంటే, ఒక ఇంటి దొడ్లో బట్టలుతికే బండగా ఉందట. వెళ్లాను. సబ్బునురుగు మీద నీళ్లు పోసి కడిగి చూపించారు. విరిగిన అంచు మీద రెండు గాట్లు స్పష్టంగా ఉన్నాయి.

ఆ వైపు మనుషులను కూర్చోబెట్టింది నిజం. కూర్చున్నవాళ్లే నాకు చెప్పారు, పేరు పేరునా రాసుకున్నాను. ఆ రాయి మాత్రం దానికి సాక్ష్యం కాదు. రాత్రంతా వెనక అట్టకు రాసిన ఆ మాటలను ఎలాగైనా బతికించుకోవాలని చూశాను. ‘రాయి నున్నగా ఉంది’ అని ఊరుకుంటే అబద్ధం కాదుగా అనిపించింది. చదివేవాడు ఏమనుకుంటాడో నాకు తెలిసీ అలా రాస్తే అబద్ధమే. పొద్దున్నే కుర్రాడికి ఫోను చేసి తీసెయ్యమన్నాను. "ఎంత మంచి లైను పోయింది మాస్టారూ" అని అతను ఇప్పటికీ అంటుంటాడు. ఆ లైను మీద మమకారం నాకూ ఇంకా చావలేదు, చూడండి, ఇవాళ రేడియోలో కూడా చెప్పేశాను.

ముందు అట్ట మీద గాట్లే ఉన్నాయి. తూర్పు బండవి. బావి లేదు, నీళ్లు లేవు, బిందె లేదు, మనిషి లేడు. వెనక అట్ట మీద ఏ చమత్కారమూ లేని నాలుగు వాక్యాలు, కింద తెల్లటి గడిలో ఐఎస్‌బిఎన్ బార్‌కోడ్. దాన్ని కూడా రాయి మీదే ముద్రిద్దామన్నాను, అందంగా ఉంటుందని. మెషీన్ చదవదన్నారు. నా ఫోటో ఉండాలని మా ఆవిడ పట్టుబట్టింది. సన్మానం శాలువాతో ఉన్నది ఒకటి తీసిపెట్టింది కూడా. స్టాంపంత ఫోటో, శాలువా లేకుండా, లోపలి అట్ట మడతలో ఉంది. ఇంట్లో శాంతి ముఖ్యం.

అచ్చు సంగతులు రెండు ముక్కల్లో చెప్పి ముగిస్తాను, ఎందుకంటే వీటిలో నేను నష్టపోయాను. కంప్యూటర్ తెర మీద రంగు వెలుగుతో తయారవుతుంది, కాగితం మీద సిరాతో. తెర మీద నల్లరాయి నీలం నీడతో మెరిసింది. అచ్చులో ఇటుకరంగు తిరిగింది. ముందే ఒక్క ప్రతి నమూనా తీయించుకుని, పగటి వెలుతుర్లో చూసుకుని ఉంటే సరిపోయేది. తొందరపడి మానేశాను. రెండోసారి సిరాలు సర్దించాల్సి వచ్చింది. లామినేషన్ మ్యాట్ తీసుకున్నాను. మెరుపుది అయితే రాయి మీద దీపం పడి ఏమీ కనబడదు. మ్యాట్‌తో ఇంకో బాధ, ముదురు రంగు మీద గోరు గీసినా మచ్చ పడుతుంది. కట్టల్లోంచి తీసేటప్పుడే కొన్ని ప్రతుల మీద గీతలు పడ్డాయి. గాట్ల బొమ్మ కాబట్టి ఎవరూ పట్టుకోలేదు.

రెండో నష్టం వెన్నుది. అలమరలో పెట్టాక పుస్తకానికి మిగిలే మొహం వెన్ను ఒక్కటే. దాని వెడల్పు పేజీలను బట్టి ఉంటుంది. నేను 240 పేజీలని చెప్పి అట్ట చేయించాను. అచ్చులో పదహారు పేజీలు ఒక ఫారం కదా, పదిహేను ఫారాలు. ఆఖరి ప్రూఫులో రెండు ఫారాలు తగ్గించాను. అనుబంధాలు కొన్ని తీసేశాను. అట్ట వేసేవాళ్లకు చెప్పడం మర్చిపోయాను. 208 పేజీలకు, 70 జీఎస్‌ఎం కాగితానికి వెన్ను సెంటీమీటరు దగ్గర్లో వస్తుంది. మొదట లెక్కగట్టింది దానికంటే మిల్లీమీటరున్నర ఎక్కువ. అంతే కదా అనుకోకండి. సెంటీమీటరు వెన్ను మీద మిల్లీమీటరున్నర అంటే పేరు ఒక పక్కకు ఒరిగిపోతుంది, ముందు అట్ట బొమ్మ అంచు వెన్ను మీదికి పాకుతుంది. అట్టలు అప్పటికే అచ్చయిపోయాయి. ఐదువందల అట్టలు.

అవే వేసి కట్టించాం.

పుస్తకం వచ్చి ఏడాది దాటింది. యాభై దాటినవాళ్లు అట్ట చూసి ఏమీ అడగరు, వేలితో ఒకసారి తడిమి లోపలికి పోతారు. కుర్రవాళ్లు "ఏంటి సార్ ఈ గీతలు" అని అడుగుతారు. అడిగితే చెప్పడానికి నాకేం కష్టం లేదు, చెబుతూ ఉంటే కొందరు కొంటారు కూడా. ఒక ఊళ్లో షాపతను దాన్ని ఇళ్ల నిర్మాణం, వాస్తు పుస్తకాల పక్కన పెట్టాడు. బండ బొమ్మ ఉంది కదా అని. ‘తాగునీటి చరిత్ర’ అని పెట్టిన ఆ చిన్న వరుసను ఇంకో రెండు పాయింట్లు పెద్దది చేసి ఉండాల్సింది. ఇంకో ముద్రణ వస్తే చేస్తాను.

వెన్ను కూడా సరిచేస్తాను. మా ఇంటి బీరువాలో నిలబెట్టిన ప్రతి నేను కుర్చీలో కూర్చున్న చోటికి సరిగ్గా ఎదురుగా ఉంటుంది. పేరు ఎడమపక్కకు ఒరిగి ఉంటుంది. వచ్చినవాళ్లెవరూ ఇప్పటిదాకా గమనించలేదు. నేను మాత్రం కాఫీ తాగినప్పుడల్లా మెడ కొంచెం వంచి చూస్తుంటాను, ఆ పక్కనుంచి చూస్తే సరిగ్గానే ఉన్నట్టుంటుంది.